టోపీ తీశాక జుట్టు నెత్తికి అతుక్కుపోతోందా? ఇలా లేపండి

క్యాప్ కావచ్చు, ఉన్ని టోపీ కావచ్చు, హెల్మెట్ కావచ్చు, నన్ను అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే. "శుభ్రంగా దువ్వుకునే బయల్దేరతాను, తీసేసరికి నడినెత్తి చదునైపోతుంది, చెవుల పైన చుట్టూ గాడి పడుతుంది, వెనక సుడి దగ్గర నాలుగు వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, దువ్వితే ఇంకా అధ్వానం. ఏం చేయను?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి విసుగొచ్చి, అంతా ఒక్కచోట రాసేస్తున్నా.

పనిలోకి దిగే ముందు ఒక్క సంగతి చెప్పనివ్వండి, ఇది తెలిస్తే కింద రాసిన దాంట్లో సగం మీకే తడుతుంది. తడిసిన వెంట్రుక ఏ వంపులో ఆరితే ఆ వంపులోనే ఉండిపోతుంది. వెంట్రుకలో ఉండేది కెరాటిన్ అనే ప్రొటీన్. దాని లోపలి హైడ్రోజన్ బంధాలు తడికీ వేడికీ విడిపోతాయి, ఆరి చల్లబడ్డాక మళ్లీ కలుస్తాయి. టోపీ కింద సరిగ్గా ఇదే జరుగుతుంది: చెమట తడి, ఒంటి వేడి, పైనుంచి ఒత్తిడి. అంటే మీరు నెత్తిన చిన్న ఇస్త్రీ పెట్టె పెట్టుకుని తిరుగుతున్నారన్నమాట. చొక్కా మీద తప్పుగా పడ్డ ఇస్త్రీ మడత చేత్తో రుద్దితే పోతుందా? కాసిన్ని నీళ్లు చిలకరించి మళ్లీ ఇస్త్రీ చేయాల్సిందే. జుట్టూ అంతే. దువ్వెనతో కుస్తీ మానేసి, తడిపి, ఇంకో దిక్కుకి ఆరనివ్వాలి.

ఏమేం కావాలి

బ్యాగులో పట్టేవే. 100 మిల్లీలీటర్ల చిన్న స్ప్రే సీసాలో మామూలు నీళ్లు (సన్నగా మంచులా పడే సీసా అయితే మేలు, ధారగా కొట్టేది వద్దు), పెద్ద పళ్ల దువ్వెన ఒకటి, చిన్న టవల్ లేదా పాత కాటన్ టీషర్టు, రెండు మూడు క్లిప్పులు. హెయిర్ డ్రయ్యర్ ఉంటే పని తొందరగా అవుతుంది, లేకపోయినా అవుతుంది. జుట్టు జిడ్డుగా అయ్యేవాళ్లకి డ్రై షాంపూ (నీళ్లు లేకుండా జిడ్డు పీల్చే పొడి, స్ప్రే డబ్బాలో వస్తుంది). జెల్, మైనం, స్ప్రే లాంటివి మీకు అలవాటుంటే సరే, లేకపోతే దీనికోసం కొనక్కర్లేదు.

సీసా లేదా? కుళాయి కింద వేళ్లు తడుపుకుంటే చాలు. నేను సగం రోజులు అదే చేస్తాను.

ఐదు నిమిషాల్లో సరిచేయడం

1. టోపీ తీయగానే దువ్వెన తీయకండి. తల బాగా చెమట పట్టి ఉంటే ముందు టవల్‌తో అద్దండి, రుద్దొద్దు. రుద్దితే చిక్కులు పడతాయి, పైపెచ్చు తడిసిన వెంట్రుక బాగా సాగుతుంది, తొందరగా తెగుతుంది. ఓ నిమిషం తలకి గాలి తగలనివ్వండి. హెల్మెట్ తీసి లిఫ్టులోనో మెట్ల మీదో వెళ్తున్న సమయం దీనికి సరిపోతుంది.

2. తల ముందుకి వంచి, వేళ్ల కొనలతో మాడంతా కదిలించండి. గోళ్లతో గోకడం కాదు, తలంటుకునేటప్పుడు చేసినట్టు చిన్న చిన్న చుట్లు. కొందరికి, ముఖ్యంగా జుట్టు కాస్త మందంగా ఉండి టోపీ అరగంటకి మించి పెట్టుకోని వాళ్లకి, పని ఇక్కడితోనే అయిపోతుంది. అద్దంలో చూసుకోండి, బాగుంటే ఆగిపోండి. బాగున్నదాన్ని ఇంకా బాగు చేయబోయి పాడు చేసుకునేవాళ్లే ఎక్కువ.

3. ఇంకా అణిగే ఉంటే కుదుళ్లు తడపాలి. అసలు కీలకం ఇక్కడుంది, తప్పు జరిగేదీ ఇక్కడే. అందరూ పైపైన నీళ్లు కొట్టి అరచేత్తో సర్దుకుంటారు. అలా చేస్తే పై పొర తడిసి, బరువెక్కి, మళ్లీ కిందికే అతుక్కుంటుంది. అణిగింది కుదురు దగ్గర, కాబట్టి తడి చేరాల్సింది కూడా అక్కడికే. ఒక చేత్తో జుట్టుని పాయగా పైకెత్తి, రెండో చేత్తో కుదుళ్ల దగ్గర రెండు మూడు సార్లు స్ప్రే కొట్టండి. నడినెత్తి, ముందు భాగం, గాడి పడ్డ చోటు, ఈ మూడూ చాలు, తలంతా అక్కర్లేదు. ఎంత తడి? ముట్టుకుంటే చెమ్మ తెలియాలి, నీళ్లు కారకూడదు.

4. ఇప్పుడు కుదుళ్లని అవి పడుకున్న దిక్కుకి ఎదురుగా లేపండి. ఎడమకి పడుకుంటే కుడికి, ముందుకి పడుకుంటే వెనక్కి. తల వంచి వేళ్లతో కుదుళ్లు లేపుతూ డ్రయ్యర్ పెట్టండి: మధ్యస్థం వేడి, తలకి జానెడు దూరం, ఒకే చోట ఆపకుండా కదుపుతూ. ఆరింది అనిపించాక కూడా వదిలేయకుండా చివర్లో చల్లగాలి మీట నొక్కి అర నిమిషం పెట్టండి. వేడిగా ఉన్నప్పుడు జుట్టు ఇంకా మెత్తగానే ఉంటుంది, చల్లబడితేనే నిలబడుతుంది. ఈ చల్లగాలి మీట ఎందుకుందో తెలియకుండా డ్రయ్యర్ వాడేవాళ్లు ఎంతమందో!

డ్రయ్యర్ లేకపోతే, తడిపిన కుదుళ్లని పైకెత్తి అడుగున అడ్డంగా క్లిప్పు పెట్టి ఐదు పది నిమిషాలు వదిలేయండి. చూడటానికి తమాషాగా ఉంటుంది, పక్కవాళ్లు నవ్వితే నవ్వనీయండి. చేతులు ఆరబెట్టుకునే గోడ మెషీను కూడా పనికొస్తుంది, కాకపోతే దాని కింద వంగి తల పెట్టేటప్పుడు ముందు అక్కడి నీళ్లు ఎటు చిమ్ముతున్నాయో చూసుకోండి. నేను చూసుకోలేదు, మీటింగుకి జుట్టు బ్రహ్మాండంగా ఉంది, చొక్కా మాత్రం పొట్ట దాకా తడి.

5. పూర్తిగా ఆరాకే తల పైకెత్తి, పాపిడి తీసి, వేళ్లతోనో పెద్ద పళ్ల దువ్వెనతోనో సర్దుకోండి. సన్న దువ్వెన పెడితే లేపిన కుదుళ్లన్నీ మళ్లీ పడుకుంటాయి. జెల్ లాంటిది వాడేదుంటే శనగగింజంత, అరచేతుల్లో బాగా రుద్దుకుని మొదట వెనక భాగానికి, ఆఖరున మిగిలింది ముందు భాగానికి. ముందు నుదుటి దగ్గర మొదలుపెడితే ఎక్కువ అక్కడే అంటుకుని ముద్దలా కనిపిస్తుంది.

చెవుల పైన పడ్డ గాడి

దీన్ని విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇది లేపితే పోదు. టోపీ పట్టీ బిగిసిన చోట వెంట్రుక మడతలా వంగి ఉంటుంది. ఆ గీత మీద మాత్రమే వేళ్లతో తడిపి, ఆ పాయని కొస దగ్గర పట్టుకుని కాస్త బిగువుగా లాగి ఉంచి, కుదురు నుంచి కొస వైపు డ్రయ్యర్ గాలి పంపండి. పది పదిహేను సెకన్లు చాలు. డ్రయ్యర్ లేకపోతే తడిపి, చెవి వెనక్కి దోపేసి మర్చిపోండి, ఆరేలోపు గీత చాలావరకు కలిసిపోతుంది. జుట్టు మరీ పొట్టిగా ఉన్నవాళ్లకి పక్కల లాగడానికి ఏమీ చిక్కదు. మీరు ఇంత తతంగం పెట్టుకోకండి, తల మొత్తం కుళాయి కింద పెట్టి తుడుచుకోండి, రెండు నిమిషాల పని.

మీ జుట్టుని బట్టి చిన్న మార్పులు

ఉంగరాల జుట్టు వాళ్లకి పైన రాసిన దువ్వెన మాట వర్తించదు. పొడిగా ఉన్నప్పుడు దువ్వితే ఉంగరాలు విడిపోయి పొదలా లేస్తుంది, తర్వాత దాన్ని దారికి తేవడం ఎవరి తరమూ కాదు. అణిగిన చోట కాస్త ఎక్కువ తడపండి, అరచేతిలో రెండు చుక్కలు కడగనక్కర్లేని కండిషనర్ నీళ్లలో కలిపి రాయండి, కొసల నుంచి పైకి గుప్పిట్లో నలిపినట్టు పట్టి వదలండి. నాలుగైదు సార్లు అలా చేసి ఇక ముట్టుకోకండి. ఆరేదాకా చేయి పెడితే రేగిపోతుంది. మరీ చెడిపోయిన రెండు మూడు ఉంగరాలుంటే వాటిని వేలికి చుట్టి వదిలితే చాలు, తలంతా చేస్తూ కూర్చోవద్దు.

సన్నగా, తిన్నగా ఉండే జుట్టు అన్నింటికంటే మొండిది. కుదుళ్లకి కండిషనర్, నూనె, సీరమ్ ఏవీ తగలనివ్వకండి, కొసలకే. డ్రై షాంపూ మీకు బాగా కలిసొస్తుంది, జిడ్డు లేకపోయినా కుదుళ్ల మధ్య కాస్త గరుకు తెచ్చి నిలబెడుతుంది.

పొడుగు జుట్టు వాళ్లకి చదునైన నెత్తి కంటే వెనక మెడ దగ్గర చిక్కులే పెద్ద బాధ. కొసల నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి రండి. పైనుంచి ఒకేసారి లాగితే చిక్కులన్నీ కిందికి చేరి ఒకే ముడవుతాయి.

ముంగురులు ఉన్నవాళ్లకి ఒక దొంగదారి: తలంతా వదిలేసి ముంగురుల్ని మాత్రమే కుళాయి దగ్గర ఒక చుక్క షాంపూతో కడిగి ఆరబెట్టండి. నుదుటి చెమట అంతా పట్టేది అక్కడే, ఎదుటివాళ్ల కన్ను పడేదీ అక్కడే. ఆరబెట్టేటప్పుడు ఓసారి ఎడమకి, ఓసారి కుడికి దువ్వుతూ గాలి పెడితే తిన్నగా పడతాయి.

జిడ్డుగా అతుక్కుంటే

నీళ్లతో లేపినా పది నిమిషాల్లో మళ్లీ పాయలు పాయలుగా పడిపోతోందంటే కారణం ఒత్తిడి కాదు, జిడ్డు. అప్పుడు నీళ్లు అనవసరం, జుట్టు పొడిగా ఉండగా డ్రై షాంపూ వాడండి. డబ్బా బాగా ఊపి, జానెడు దూరం నుంచి, పాయలు ఎత్తి కుదుళ్లకి కొట్టండి. రెండు నిమిషాలు ఆగండి. ఆ తర్వాతే వేళ్లతో రుద్ది, దులిపి, దువ్వండి. అందులో ఉండే పిండి పదార్థం జిడ్డు పీల్చుకోవడానికి ఆ కాస్త సమయం కావాలి. ఓసారి హడావిడిలో మరీ దగ్గర నుంచి కొట్టేసి బయటికెళ్లిపోయాను, ఫోటోల్లో చూసుకుంటే నడినెత్తిన తెల్లటి పట్టు, ముగ్గు డబ్బా ఒలికినట్టు. అందరూ చూశారు, ఒక్కరూ చెప్పలేదు. డ్రై షాంపూ దొరకనప్పుడు చిటికెడు కార్న్‌ఫ్లోర్ వేలి కొనలతో కుదుళ్లకి అద్ది దులిపినా అదే పని చేస్తుంది. నల్లటి జుట్టు మీద తెలుపు తొందరగా బయటపడుతుంది కాబట్టి చిటికెడంటే చిటికెడే.

తడి జుట్టు మీద ఈ పొడులేవీ వేయొద్దు, పిడచ కడుతుంది. వరసగా రోజుల తరబడి డ్రై షాంపూతోనే నెట్టుకురావద్దు కూడా, అది కడగదు, దాస్తుంది అంతే. పేరుకుపోతే మాడు దురద పెడుతుంది. స్ప్రే డబ్బాల్లో చాలావరకు మండే వాయువు ఉంటుంది, మంట దగ్గర కొట్టొద్దు, ఎండలో నిలిపిన బండిలో వదిలేయొద్దు. 50 డిగ్రీలు దాటిన వేడిలో ఉంచొద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది, ఎవరూ చదవరు.

అణగడం కాదు, రేగడం మీ బాధ అయితే

ఉన్ని టోపీ, అక్రిలిక్ టోపీ తీయగానే వెంట్రుకలు చిటపటమంటూ నాలుగు దిక్కులా లేస్తాయి. ఇది స్టాటిక్. గాలి పొడిగా ఉన్నప్పుడు టోపీ రాపిడికి ప్రతి వెంట్రుకకీ ఒకే రకం విద్యుదావేశం చేరుతుంది, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ప్లాస్టిక్ దువ్వెన తీశారంటే అగ్గికి ఆజ్యం పోసినట్టే. చేతులు కొద్దిగా తడుపుకుని జుట్టు మీద అలా నిమరండి, లేదా చేతులకి రాసుకునే క్రీము రాసుకున్నాక అరచేతుల్లో మిగిలిన ఆ కొంచెం జిడ్డుని కొసలకి రాయండి. చెక్క దువ్వెన గానీ లోహపు దువ్వెన గానీ వాడండి. ఇక్కడ కుదుళ్లు తడపడం, డ్రయ్యర్ పెట్టడం ఏమీ అక్కర్లేదు, వేడి గాలి పెడితే ఇంకా పొడిబారి ఇంకా రేగుతుంది.

పెట్టుకునే ముందు చేస్తే సగం బాధ తప్పుతుంది

నిజం చెప్పాలంటే పైన రాసిందంతా మంట అంటుకున్నాక నీళ్లు పోయడం. అసలు పని టోపీ పెట్టుకునే ముందుంది.

అన్నింటికంటే ముఖ్యం, జుట్టు తడిగా ఉండగా పెట్టుకోవద్దు. తలస్నానం చేసి అలాగే హెల్మెట్ పెట్టుకుంటే, మీరే పనిగట్టుకుని జుట్టుని హెల్మెట్ అచ్చులో పోసినట్టు. లోపలి మెత్తకి చెమ్మ పట్టి వాసన కూడా వస్తుంది. ఇది ఒక్కటి మానినా తేడా కనిపిస్తుంది. పొద్దున టైము చాలకపోతే ముందు రోజు రాత్రి తలస్నానం చేయండి.

రెండోది నాకు బాగా ఇష్టమైన చిట్కా: పాపిడి మార్చి పెట్టుకోండి. మీరు రోజూ ఎడమ పాపిడి తీసేవాళ్లయితే, టోపీ పెట్టుకునే ముందు జుట్టంతా కుడి పాపిడి తీసినట్టు అటు తోసేసి పెట్టుకోండి. పాపిడి లేనివాళ్లు మొత్తం వెనక్కి. టోపీ దాన్ని ఆ దిక్కుకే అణచిపెడుతుంది, తీశాక మీరు మామూలు పాపిడికి తిప్పితే కుదుళ్లు ఎదురు తిరిగి వాటంతట అవే లేస్తాయి. అణిచే టోపీ చేతే లేపించడం అన్నమాట. పైసా ఖర్చు లేదు.

పొడుగు జుట్టుని మెడ దగ్గర వదులుగా జడ వేయండి. బిగించి వేస్తే జడ గీతలు కూడా పడతాయి. క్యాప్ లోపలికి శాటిన్ లేదా సిల్కు గుడ్డ వేయించుకుంటే రాపిడి తగ్గుతుంది, ఉంగరాల జుట్టుకి మరీ మంచిది. టోపీ సైజు కూడా చూసుకోండి, నుదుటి మీద ఎర్రటి గీత పడుతోందంటే అది మీకు చిన్నది. ఆఫీసు మెట్ల దాకా రాగానే క్యాప్ తీసేసి నడవండి, జుట్టు ఆరడానికి ఆ పది అడుగులైనా దొరుకుతాయి.

హెల్మెట్ విషయంలో మాత్రం ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. జుట్టు కోసమని వదులు హెల్మెట్ కొనడం, స్ట్రాప్ పెట్టుకోకపోవడం, నెత్తిన కొప్పు పెట్టి దాని మీద హెల్మెట్ నిలబెట్టడం, లోపల లావుపాటి టోపీ తొడుక్కోవడం, ఇవేవీ వద్దు. హెల్మెట్ తలకి ఆనుకుని కదలకుండా ఉంటేనే పనిచేస్తుంది. లోపల గట్టి క్లిప్పులు, పిన్నులు కూడా ఉంచొద్దు, దెబ్బ తగిలితే అవే గుచ్చుకుంటాయి. పల్చటి కాటన్ తొడుగు వేసుకోవచ్చు, వేసుకున్నాక కూడా బిగువు మారకూడదు. లోపలి మెత్త ఊడి వచ్చేదైతే తేలికపాటి సబ్బు నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. మురికి మెత్త మీ కడిగిన జుట్టుని గంటలో జిడ్డు చేస్తుంది, చాలామంది షాంపూలు మారుస్తారు గానీ ఇది గుర్తురాదు.

సరిగ్గా అయిందో లేదో ఎలా తెలుస్తుంది

ఎదురుగా అద్దంలో చూసుకుని వెళ్లిపోకండి. ముందు వైపు మనం ఎలాగూ సర్దుకుంటాం, మిగతా లోకం చూసేది పక్కల నుంచి, వెనక నుంచి. ఫోన్‌తో తల వెనక ఒక ఫోటో, పక్క నుంచి ఒకటి తీసుకోండి. సుడి దగ్గర మాడు తెల్లగా కనిపిస్తోందంటే అక్కడ ఇంకా అణిగే ఉంది.

తర్వాత వేలు పరీక్ష. కుదుళ్ల లోపలికి వేలు పోనిచ్చి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉంది. పైన ఆరి లోపల తడి ఉంటే ఇప్పుడు బాగానే కనిపిస్తుంది, పావుగంటలో కూలిపోతుంది. "నాకు నిలవట్లేదు" అనేవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే.

చివరగా తల రెండు మూడు సార్లు విదిలించండి. మళ్లీ దాదాపు అదే చోటికి వచ్చి పడితే కుదిరినట్టు. ఒకవైపే ఒరిగిపోతే ఆ వైపు కుదుళ్లు మాత్రం మళ్లీ తడిపి 4వ అంచె చేయండి, మొదటి నుంచి అక్కర్లేదు.

ఇంకా అడిగేవి

"టోపీలు పెట్టుకుంటే బట్టతల వస్తుందట కదా?" రాదు. వెంట్రుక కుదురుకి పోషణ రక్తం నుంచి అందుతుంది, టోపీ దాన్ని ఆపలేదు. కానీ రోజూ ఒకే చోట జుట్టు బిగించి కట్టి, దాని మీద టోపీ పెట్టే అలవాటుంటే ఆ లాగుడుకి కణతల దగ్గర, నుదుటి అంచున జుట్టు పల్చబడొచ్చు. కట్టే చోటు మారుస్తూ ఉండండి. ఇప్పటికే అక్కడ పల్చబడిందనిపిస్తే చర్మం డాక్టరుకి చూపించండి, తొందరగా ఆపితే మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ.

"అసలు నీళ్లు లేవు, దువ్వెన లేదు, రెండు నిమిషాల్లో లోపలికి పిలుస్తారు, అప్పుడు?" తల వంచి వేళ్లతో గట్టిగా దులిపి, పాపిడి రెండో వైపుకి మార్చేయండి. అణిగిన కుదుళ్లు ఎదురు తిరిగి కాస్త ఎత్తు వస్తుంది. పొడుగు జుట్టయితే వెనక్కి తీసి మెడ దగ్గర ముడేసేయండి, చెవుల పైన గాడి కూడా అందులో కలిసిపోతుంది. అదీ కుదరకపోతే, క్యాప్ తీయాల్సిన చోటు కాకపోతే, తీయకండి.